పేరు తెలియని ముల్లు

మనిషికి అన్నవస్త్రాలతో పాటు ఏదో ఒక అభిరుచి కూడా ఉండవలెనని పెద్దలు చెబుతూ ఉంటారు. ఒకరు తపాలా బిళ్ళలు సేకరిస్తారు. మరొకరు పాత నాణేలు కూడబెడతారు. మేము గత ఆరేండ్లుగా ముండ్ల మొక్కలు పెంచుతున్నాము. తెలుగు పాఠాలు చెప్పుకొనేవానికి ఈ ముండ్ల గోల యెందుకని మిత్రులు నవ్వుతారు. ఉర్దూ శాఖకు చెందిన సహాధ్యాపకులొకరైతే, "గులాబీ మీద ఎన్ని గజళ్ళయినా ఉన్నవి గాని, నాగ్‌ఫనీ మీద ఎవరు వ్రాశారండీ?" అని అడిగారు. అప్పటికి సమాధానం తోచలేదు. ఈ వ్యాసాన్నే వారు సమాధానంగా స్వీకరించవచ్చును.

అయితే మేము కలం పట్టడానికి అసలు కారణం పరిహాసం కాదు. గడచిన వేసవి సెలవులకు కొంచెం ముందు, మన కళాశాల మెట్ల ప్రక్కనున్న మొక్కలలో ఒకదాని కొమ్మను ఇంటర్మీడియట్ విద్యార్థి ఒకడు ఇంటి వద్ద నాటుకొనవలెనన్న కోరికతో విరిచాడు. విరిచిన చోటి నుండి తెల్లని పాలు చిమ్మి అతని కంటిలో పడినవి. మంటతో అల్లాడిపోతున్న పిల్లవానిని కుళాయి దగ్గరకు నడిపించి, చాలసేపు ధారగా నీళ్ళు పోసి కన్ను కడిగి, పిదప కంటి వైద్యుని వద్దకు తీసుకొనిపోయాము. నాలుగు రోజులకు చూపు యథాస్థితికి వచ్చింది. ఆ నాలుగు రోజులూ మాకు నిద్ర లేదు.

ఎందుకంటే, ఆ మొక్కకు తగిలించిన రేకు పలక మీద "బ్రహ్మజెముడు: కాక్టస్ జాతి" అని స్వహస్తాలతో వ్రాసినది మేమే. అది కాక్టస్ కాదు.

తరువాత ఆ విద్యార్థిని, "నాయనా, అంత ధైర్యంగా ఎట్లా విరిచావు?" అని అడిగాము. "కాక్టస్‌లో నీళ్ళుంటాయని, ఎడారిలో దప్పిక తీర్చుకుంటారని విన్నాను సార్. పలక మీద కాక్టస్ అనే ఉంది గదా" అన్నాడు. మేము తల వంచుకొన్నాము. కాక్టస్‌ను కోసి త్రాగి దాహం తీర్చుకోవచ్చునన్నది చాలవరకు కట్టుకథ. అనేక జాతుల రసం కడుపులో త్రిప్పి వాంతి తెప్పిస్తుంది. కాని అది వేరే సంగతి. అతడు మా పలకను నమ్మాడు. తప్పు పలకది.

ఈ ఘటన పిమ్మట కళాశాల కమిటీలోని కొందరు పెద్దలు ముండ్ల మొక్కలన్నిటిని పెరికించి, ఆ స్థలంలో రంగురంగుల క్రోటన్లు నాటించవలెనని ప్రతిపాదించారు. పిల్లల క్షేమం కోరి చేసిన ప్రతిపాదన గనుక దాని వెనుకనున్న మనసును మేము గౌరవిస్తున్నాము. కాని ఆ నిర్ణయంతో ఏకీభవించలేకపోతున్నాము. కారణం మనవి చేసుకొంటాము.

పిల్లవాని కంటిలో పాలు చిమ్మిన మొక్క బొంతజెముడు. శాస్త్రజ్ఞులు దానిని యుఫోర్బియా యాంటికోరం అంటారు. అది మన నేల మొక్క, మన గుట్టల మీద, చేల గట్ల మీద తరతరాలుగా ఉన్నదే. దాని కుటుంబం వేరు, కాక్టస్ కుటుంబం వేరు. ఇక క్రోటను ఎవరి కుటుంబమనుకొన్నారు? బొంతజెముడు కుటుంబమే! దానికి ముండ్లు లేవు, ఆకులు పట్టుచీర అంచువలె ఉంటాయి, అంతే భేదం. దాని రసం కూడ కొందరి చర్మానికి పడదు. అనగా, పేరు తెలిసికొనక పెరికివేసినచో, ఒక బంధువును వెళ్ళగొట్టి అతని పినతండ్రి కుమారుని ఇంటికి పిలిచినట్లవుతుంది. అపాయం ముల్లులో లేదు. ముల్లు కనబడుతుంది గనుక చేయి దానంతట అదే వెనుకకు వస్తుంది. అపాయం పేరు తెలియకపోవడంలో ఉన్నది.

మరి గుర్తించడమెట్లా? మన తోటమాలి చాచా ఒకనాడు మాకొక సూత్రం చెప్పాడు. "సార్, గిల్లితే పాలు కారేది మన దిక్కుది, నీళ్ళు కారేది బయటిది." బడి ముఖం చూడని ఆయన చెప్పిన మాటలో చాల సత్యమున్నది. కాక్టస్ కుటుంబమంతా అమెరికా ఖండాలది. పదిహేను వందలకు పైగా ఉన్న ఆ జాతులలో రిప్సాలిస్ బాక్సిఫెరా అనే ఒక్కటి మాత్రమే ఆఫ్రికాలోను, సింహళంలోను సహజంగా పెరుగుతున్నది. మన జెముళ్ళు పాలవి, వాటివి సాధారణంగా నీరువంటి రసం. కాని చాచా సూత్రానికి రెండు లోపాలున్నవి. కాక్టస్‌లలోనే మామిల్లేరియా అనే చిన్న గుండ్రని మొక్కలలో కొన్నిటికి పాలు వస్తాయి. అంతకంటె ముఖ్యమైనది, గిల్లి చూడడమే మా విద్యార్థికి ప్రమాదం తెచ్చింది. కనుక గిల్లకుండ కంటితోనే గుర్తించే మార్గం కావలెను.

ఆ మార్గం ఉన్నది. ముల్లు ఎక్కడి నుండి పుట్టినదో చూడవలెను. కాక్టస్‌కు ఒంటి నిండా వరుసలు తీరిన చిన్న చిన్న మెత్తలుంటాయి. దూదితోనో, నూగుతోనో చేసిన బొడిపెలవలె కనబడతాయి. వీటిని శాస్త్రంలో ఏరియోల్ అంటారు. ముల్లయినా, పువ్వయినా, కొత్త కొమ్మయినా ఆ మెత్త నుండి రావలసినదే. ఆ మెత్త ఉన్నచో అది కాక్టస్, లేనిచో కాదు. బొంతజెముడుకు మెత్త ఉండదు. దాని కోణాల అంచుల మీద ముండ్లు జంటజంటలుగా నిలుస్తాయి. పువ్వులు కూడ భేదం చెబుతాయి. నాగజెముడు పువ్వు పసుపుపచ్చగా, పెద్దగా విప్పారుతుంది. బొంతజెముడు పువ్వు చిన్నది, వెదకి చూస్తే గాని కనబడదు.

ఇన్ని భేదాలున్న రెండు కుటుంబాలు చూపుకు ఒకటిగా కనబడడం సృష్టిలోని వింత. రెంటికీ కష్టం ఒకటే, అది నీటి కరవు. రెండూ ఆకులను వదలుకొన్నవి, కాండంలో నీరు దాచుకొన్నవి, పైన మైనపు పూత పూసికొన్నవి. పగలు నోరు మూసికొని, రాత్రి చల్లదనంలో పత్రరంధ్రాలు తెరచి గాలి పీల్చి, దానిని ఆమ్లంగా నిలువ చేసికొని మరునాటి ఎండలో ఆహారం వండుకొనే నేర్పును చాల ఎడారి మొక్కలు సాధించినవి. సముద్రానికి ఈ ఒడ్డున ఉన్నవారు, ఆ ఒడ్డున ఉన్నవారు ఒకరినొకరు చూడకుండానే ఒకే జవాబు వ్రాసినట్లున్నది. పరీక్షలో అట్లా వ్రాస్తే మేము అనుమానిస్తాము. ప్రకృతిలో మాత్రం అది కాపీ కాదు.

తెలుగువారు ఈ పోలికను గమనించారు. మన జెముళ్ళ వంశం పెద్దది: బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు. సముద్రం దాటి పడగవంటి దళాలతో అమెరికా మొక్క మన ఊళ్ళకు వచ్చినప్పుడు దానిని కూడ ఆ వంశంలోనే చేర్చుకొని నాగజెముడన్నారు. ఉర్దూవారు నాగ్‌ఫనీ అన్నారు. రెండు భాషలవారు దానిలో పాము పడగనే చూశారు. బ్రహ్మజెముడు అన్న పేరు మాత్రం ఊరికొక మొక్కను చూపుతున్నది. మా పలక తప్పడానికి అది కూడ ఒక కారణం. అందుచేత వాడుక పేరు ఒక్కటే చాలదు, శాస్త్రనామం ఒక్కటే అయితే మన పిల్లల నోట నిలువదు. రెండూ కావలెను.

పేరు పొరబడడం ఒక్క తెలుగు అధ్యాపకునికే చెల్లిందనుకోవద్దు. ఇంతకంటె గొప్ప పొరపాటు చరిత్రలో ఉన్నది. మెక్సికోలో నాగజెముళ్ళ మీద బ్రతికే ఒక పురుగు నుండి చక్కని ఎర్రరంగు తీసేవారు. ఆ వ్యాపారం స్పెయినువారి చేతిలో ఉండేది. ఆ రంగును భారతదేశంలోనే తయారు చేయవలెనన్న ఆశతో 1795లో, ఈస్టిండియా కంపెనీ రోజులలో, బ్రెజిల్ నుండి ఆ పురుగును కలకత్తాకు తెచ్చారు. తెచ్చినది అసలు రంగు పురుగు కాదు, దానిని పోలిన మరొక పురుగు. రంగు నాసిగా తేలింది. కాని ఆ పురుగు ఒపన్షియా మోనకాంత అనే జాతి నాగజెముడును తిని తిని దక్షిణ భారతంలో చాలవరకు రూపుమాపింది. దానిని చూచి, 1860వ దశకంలో బుద్ధిపూర్వకంగానే ఆ మొక్క మీదికి ఆ పురుగును వదలారు. ఒక కలుపు మొక్కను నిర్మూలించడానికి ఒక పురుగును నియోగించిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటిగా శాస్త్రజ్ఞులు చెబుతారు.

కథ అక్కడితో ముగియలేదు. ఒపన్షియా డిల్లెనీ అనే మరొక నాగజెముడు పొలాలను ఆక్రమించగా ఆ పురుగు దానిని ముట్టలేదు. మన కంటికి రెండూ నాగజెముళ్ళే. పురుగుకు మాత్రం భేదం తెలుసు. చివరకు 1926లో వేరొక జాతి పురుగును తెచ్చి వదలిన తరువాతనే దాని విజృంభణ తగ్గింది. ఒక పురుగుకున్న పాటి వివేచన మనకు లేకపోతే ఎట్లా?

అదే 1795లో మరొక సంగతి జరిగింది. దానిని తలచుకొన్నప్పుడెల్ల తెలుగు చదువుకొన్నందుకు మాకు సంతోషం కలుగుతుంది. స్కాట్లండు నుండి వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు మన సామర్లకోటలో ఏండ్ల తరబడి ఉండి, కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణిస్తూ బొమ్మలతో ఒక ఉద్గ్రంథం వెలువరించాడు. దాని మొదటి సంపుటం వెలువడినది 1795లోనే. అందులో ఆయన ఒక చిన్న రసభరితమైన మొక్కను వర్ణించి, తెలుగువారు దానిని "కార్-అల్లం" అంటారని నమోదు చేశాడు. తరువాత రాబర్టు బ్రౌను అనే వృక్షశాస్త్రజ్ఞుడు (మన నిఘంటుకారుడు సి. పి. బ్రౌను కాదు) ఆ మొక్క కోసం ఒక కొత్త ప్రజాతిని ఏర్పరచి దానికి కారల్లుమా అని పేరు పెట్టాడు. నేడు ప్రపంచంలో ఏ మూల శాస్త్రజ్ఞుడు ఆ పేరు పలికినా తెలియకుండానే ఒక తెలుగు మాట పలుకుతున్నాడు.

విచిత్రమేమనగా, ఈ పేరు అరబ్బీ నుండి వచ్చినదని చాల పుస్తకాలు చాలకాలం వ్రాస్తూ వచ్చినవి. "కహ్ర్ అల్-లుహూమ్", అనగా మాంసంలోని పుండు అని అర్థం చెప్పి, పువ్వుల దుర్వాసనను బట్టి ఆ పేరు వచ్చినదని సమర్థించారు. చెవికి ఎంత బాగున్నా అది పొరపాటు. రాక్స్‌బర్గ్ వ్రాసిపెట్టిన తెలుగు మాట కళ్ళ ఎదుట ఉన్నది. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు క్రింద చదువుకొనే మన కళాశాలలో ఈ కథను ఒకరికొకరు చెప్పుకొని నవ్వుకోవచ్చును. అరబ్బీకి ఈ మొక్క దక్కలేదని ఉర్దూ మిత్రులు చింతించనక్కరలేదు. కలబందకు అరబ్బులు పెట్టిన పేరు "సబిర్", సహనానికి పేరు "సబ్ర్". రెంటికీ ధాతువు ఒక్కటే. ముండ్ల మొక్కలు పెంచేవానికి ఇంతకంటె తగిన మాట మరే భాషలోనూ మాకు కనబడలేదు.

కార్-అల్లం మొక్కను చూడడానికి పరదేశాలకు పోనక్కరలేదు. రాయలసీమలోను, తెలంగాణలోను రాతిగుట్టల మీద, ముండ్ల పొదల నీడన వెదకండి. నాలుగు పలకల సన్నని కొమ్మలు కొనలు దేరి పైకి లేచి ఉంటాయి. పువ్వు మీద ఈగలు ముసురుతాయి. పరాగాన్ని మోసేవి అవే. పల్లెలలో దీని లేత కొమ్మలను తింటారు. ఇటీవల ఒళ్ళు తగ్గే మందులంటూ దీని సారాన్ని సీసాలలో అమ్ముతున్నందున గుట్టల మీద దీనిని వెదకి కోసేవారి సంఖ్య పెరిగింది. పేరు తెలిసినవారే దానిని కాపాడగలరు. పేరు తెలియనివానికి అది గడ్డిపరక.

ఇక పెంపకం సంగతి. ముండ్ల మొక్కలు నీరు లేక చచ్చినవి తక్కువ, ప్రేమతో చచ్చినవి ఎక్కువ. తొలి సంవత్సరం మేము పదకొండు మొక్కలు తెచ్చి ఎనిమిదింటిని చంపాము. ప్రతి సాయంత్రం చెంబుతో నీళ్ళు పోయడమే మేము చేసిన నేరం. తరువాత నేర్చుకొన్నది చెబుతాము. అడుగున రంధ్రమున్న మట్టి కుండీ తీసుకొనండి. ఇసుక, చిన్న ఇటుక ముక్కలు సగం, ఎర్రమన్ను, బాగా చివికిన ఆకు ఎరువు సగం కలపండి. మన్ను లోపలి దాకా ఎండిన తరువాతనే నీరు పోయండి. వానకాలంలో చూరు క్రిందికి జరపండి. ఎండ కావలసినదే గాని, మే నెల మిట్టమధ్యాహ్నపు ఎండకు ఎడారి మొక్క సైతం కమిలిపోతుంది, కొంచెం నీడ ఇవ్వండి. కోసిన ముక్కను వెంటనే నాటకండి. వారం రోజులు నీడలో పెడితే గాయం మానుతుంది, ఆ పిదప నాటితే కుళ్ళదు. తెల్లని పిండినల్లి కనబడితే స్పిరిట్‌లో తడిపిన దూదితో తుడవండి. పాలజెముడును కోయవలసి వచ్చినప్పుడు చేతికి తొడుగు, కంటికి అద్దాలు తప్పనిసరి. ఒకవేళ పాలు కంటిలో పడితే చాలసేపు నీటితో కడిగి వైద్యుని వద్దకు పోవలెను. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఒక సినిమా టిక్కెట్టు వెలకు రెండు మొక్కలు వస్తాయి.

కొందరు విద్యార్థులు, "సార్, ఫోనుతో బొమ్మ తీస్తే పేరు అదే చెబుతుంది గదా" అంటారు. చెబుతుంది, మేమూ వాడుతున్నాము. కాని మా పెరటి బొంతజెముడుకు అది ఒక రోజు ఒక పేరు, మరునాడు ఇంకొక పేరు చెప్పింది. ఏది సరియైనదో తేల్చినది ఆ అంచు మీది జంట ముండ్లు. ఫోను చెప్పిన పేరు అనుమానంగా తీసుకొని, మొక్క చెప్పిన సాక్ష్యం చూచి తీర్పు ఇవ్వవలెను. పద్యానికి టీకా చదివి పద్యం చదవని విద్యార్థికి మేము చెప్పే మాట కూడ ఇదే.

ఇంకొక హెచ్చరిక. అరుదైన మొక్క కావలెనన్న కోరిక పెరిగితే అభిరుచి లోభంగా మారుతుంది. దక్షిణాఫ్రికా ఎడారులలో గులకరాళ్ళవలె ఉండే చిన్న చిన్న మొక్కలను ఇటీవలి సంవత్సరాలలో దొంగలు వేలకొలది పెరికి విదేశాలకు అమ్ముతున్నారు. 1975లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం క్రింద దాదాపు కాక్టస్‌లన్నిటి విదేశీ వ్యాపారం మీద నియంత్రణ ఉన్నది. మెక్సికోలో బంగారు గుమ్మటం వంటి గ్రుసోనీ కాక్టస్ సహజ నివాసంలో కొంత భాగం 1990వ దశకంలో ఒక ఆనకట్ట నీటిలో మునిగింది. అదే మొక్క నర్సరీలలో విత్తనం నుండి విస్తారంగా పెరుగుతున్నది. కనుక నర్సరీలో పుట్టినదానినే కొనండి. గుట్ట మీది మొక్కను గుట్ట మీదనే ఉంచి, బొమ్మ గీసి తెచ్చుకొనండి.

నాగజెముడు విదేశీ గనుక దాని స్థానం ఇక్కడ లేదని వాదించేవారు కూడ ఉన్నారు. పొలాలను మింగే కలుపును అదుపు చేయవలసినదే, అందులో సందేహం లేదు. కాని కుండీలో అదుపుగా ఉన్నదానిని కేవలం పుట్టుకను బట్టి తప్పు పట్టరాదు. మనం రోజూ తినే పచ్చిమిరపకాయ, టమాటా ఆ ఖండం నుండి వచ్చినవే. నేడు మన జిల్లాలలో రైతులు సాగు చేస్తున్న డ్రాగన్ పండు కూడ కాక్టసే. ఒక మొక్క ఎక్కడిదన్నది తెలిసికొనవలసిన విషయమే, అది ఇప్పుడు ఏమి చేస్తున్నదన్నది చూచి నిర్ణయం చేయవలెను.

కమిటీ పెద్దలకు మా విన్నపం నాలుగు మాటలు. మొదటిది, పాలు గల జెముళ్ళను మెట్ల ప్రక్క నుండి తీసి ప్రహరీ వెంబడి, చేతికి అందని చోట నాటించవలెను. రెండవది, క్రోటనుతో సహా ప్రతి మొక్కకు తెలుగు, ఉర్దూ వాడుక పేర్లు, శాస్త్రనామం, తాకవచ్చునో లేదో తెలిపే పలక పెట్టించవలెను. మూడవది, పలక వ్రాసే ముందు వృక్షశాస్త్ర శాఖవారి చేత సరిచూపించవలెను. తెలుగు అధ్యాపకుని ఒక్కనినే నమ్మరాదు. నాలుగవది, ఈ మొక్కల బాధ్యతను విద్యార్థుల చిన్న సంఘానికి అప్పగించి, ఒక నమోదు పుస్తకం పెట్టించవలెను. వీటికయ్యే ఖర్చు క్రోటన్లకయ్యేదానికంటె మించదు.

ఒక మాట చెప్పి విరమిస్తాము. కన్ను మండిన ఆ విద్యార్థి సెలవుల తరువాత మా గదికి వచ్చి, పాత పలకను చేతిలో పట్టుకొని, "దీన్ని నేను తిరిగి వ్రాయనా సార్?" అని అడిగాడు. వ్రాశాడు. ప్రస్తుతం ఆ పలక మీద "బొంతజెముడు. యుఫోర్బియా యాంటికోరం. మన దేశపు మొక్క. పాలు కంటికి హాని. విరవకండి" అని ఉన్నది. క్రింద ఉర్దూ పంక్తిని తన స్నేహితుని చేత వ్రాయించాడు. అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నవి గాని ఒక్క తప్పు లేదు. తమ నిర్ణయానికి ముందు కమిటీ పెద్దలు ఒకసారి మెట్ల దగ్గర ఆగి ఆ పలకను చదువవలసినదిగా ప్రార్థిస్తున్నాము.